మోతగాళ్ళ పాట ఎవరు దాచాలి?

ఈ నెల సభ్యులకు ఒక పాటల కబురు చెప్పదలచాము. అది మన ఊరి కబురు కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రాన పుట్టిన ఒక చిన్న రికార్డు కంపెనీ కబురు. దాని పేరు ఆర్‌హూలీ. యాంగోన్ తెలుగువారికి దానితో ఏం పని అని కొందరు అడగవచ్చు. కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవవలసిందిగా మనవి.

ఆర్‌హూలీ వేసిన ప్లేట్లలో ముఖ్యమైనవి బ్లూస్ పాటలు. అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తిచేలలో చెమటోడ్చిన నల్లజాతివారి పాటలివి. వారి తాతముత్తాతలు బానిసలు. 1865లో బానిసత్వం చట్టరీత్యా పోయింది గాని అప్పు పోలేదు. భూమి దొరది, విత్తనం దొరది, లెక్కల పుస్తకమూ దొరదే. పంట పంపకాలయ్యాక పాలికాపుకు తరచు మిగిలేది మళ్ళీ అప్పే. చేలో ఒకడు గొంతెత్తి కేకగా పాట అందుకుంటే, దూరాన ఇంకొకడు బదులు పలికేవాడు. అటువంటి చేలకేకకున్న పేర్లలో ఒకటి ఆర్‌హూలీ. మాక్ మెకార్మిక్ అనే జానపద పరిశోధకుడు ఆ పేరు సూచించగా కంపెనీకి అదే స్థిరపడింది.

ఇది చదువుతుంటే మన పెద్దలు గుర్తుకు రావడం లేదూ? కాకినాడ, విశాఖ రేవుల్లో స్టీమరెక్కి ‘రంగం’ వచ్చినవారిలో ఎందరికో మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చేవాడు. ఓడ చార్జీ మొదలుకొని అంతా ఆ పద్దులోనే పడేది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరున మనవాళ్ళను ఇక్కడ కోరంగీలన్నారు. 1931 జనాభా లెక్కల్లో ఈ నగరంలో నాలుగు లక్షల మంది ఉంటే, రెండు లక్షల పైచిలుకు భారతదేశం నుంచి వచ్చినవారూ వారి సంతతీ. ఓడల్లో సరుకు ఎక్కించి దింపినవారిలో, బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసినవారిలో మనవాళ్ళు ఎంతోమంది. బరువెత్తేటప్పుడు ఒకడు అందుకుంటే జట్టంతా ‘ఐలెస్సా’ అనేది. 1930 మే నెలలో కూలి పెంచమని రేవులో పని మానినవారు వీరే. ఆ నెల 26న చెలరేగిన అల్లర్లలో ప్రాణాలు పోగొట్టుకున్నవారిలోనూ వీరున్నారు.

ఆనాడు పాట పట్టే యంత్రం లేక కాదు. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1903లోనే ఈ ఊరు వచ్చి బర్మీ గాయకుల పాటలు రికార్డు చేశాడు. అయితే కంపెనీలవారికి కావలసింది అమ్ముడుపోయే గొంతు, నాటకశాలలో పేరు మోగినవారి గొంతు. మోతగాడి పాట కొనేదెవరు? గ్రామఫోను పెట్టె కొనే తాహతు మోతగాడికి లేదాయె! అమెరికాలోనూ ఇదే వరస. 1920లో మామీ స్మిత్ పాడిన బ్లూస్ ప్లేటు జోరుగా అమ్ముడయ్యాక పెద్ద కంపెనీలు నల్లవారి పాటల కోసం ఎగబడ్డాయి. 1929 తరువాత ఆర్థికమాంద్యం ముంచుకొచ్చేసరికి వాటిలో చాలావరకు చేతులు ముడుచుకున్నాయి.

ఆర్‌హూలీ స్థాపకుడు క్రిస్ స్ట్రాక్‌విట్స్ అమెరికాలో పుట్టినవాడు కాదు. 1931లో అప్పటి జర్మనీలోని సైలీషియాలో పుట్టాడు. 1945లో యుద్ధం ఇంటిమీదికి రాగా కుటుంబమంతా ఉన్న ఊరు వదిలి పారిపోవలసి వచ్చింది. 1947లో అమెరికా చేరారు. 1942లో కాలినడకన కొండలు దాటినవారి కథలు, 1964 ప్రాంతాల్లో ఓడలెక్కి విశాఖ వెళ్ళి బర్మా క్యాంపులో తలదాచుకున్నవారి కథలు విన్న మనకు ఆ బాధ విడమరిచి చెప్పనక్కరలేదు. కొత్త దేశంలో భాష సరిగా పట్టుబడని ఆ కుర్రవాడికి రేడియోలో వినిపించిన పల్లెపాటలే స్నేహితులయ్యాయి.

పెద్దయ్యాక ఆయన హైస్కూలులో పంతులుగా పనిచేశాడు. 1960 వేసవిలో టెక్సస్ వెళ్ళి, నవసోటా అనే ఊళ్ళో మాన్స్ లిప్స్‌కమ్ అనే పాలికాపు ఇంటికి చేరాడు. లిప్స్‌కమ్‌కు అప్పటికి 65 ఏళ్ళు. ఊరివారి విందుల్లో పాడడమే గాని అంతవరకు ఒక్క ప్లేటూ ఇవ్వలేదు. స్టూడియో లేదు, వాద్యబృందం లేదు. ఆ ఇంట్లోనే టేపురికార్డరు పెట్టి పాటలు పట్టాడు. ఆ సంవత్సరమే అది ఆర్‌హూలీ మొదటి ప్లేటుగా వెలువడింది. వేసినవి 250 ప్రతులు. అట్టలు మిత్రులతో కలిసి చేత్తో అంటించుకున్నాడు. మన పత్రిక కాగితాలు కూర్చి కుట్టే సభ్యులకు ఆ శ్రమ బాగా తెలుసు.

డబ్బు విషయంలో ఆయన నడత గమనించదగినది. మిసిసిపీ గాయకుడు ఫ్రెడ్ మెక్‌డోవెల్ పాడిన ఒక పాటను 1971లో రోలింగ్ స్టోన్స్ బృందం తమ ప్లేటులో పాడింది. ఆ పాటమీద ముసలాయనకు రావలసింది రావాలని స్ట్రాక్‌విట్స్ పట్టుబట్టాడు. 1972లో కన్నుమూసేలోగా మెక్‌డోవెల్ చేతికి చెక్కు అందింది. పాట పాడినవాడిదేననే నియమం మనమూ పాటించవలసినదే.

బ్లూస్‌తోనే ఆయన ఆగలేదు. మెక్సికన్ల పాత ప్లేట్లు ఏళ్ళ తరబడి పోగుచేశాడు. ఆ పాటలు లక్షకు పైగా ఈనాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ద్వారా భద్రపడుతున్నాయి. 2016లో ఆర్‌హూలీ సొత్తంతా స్మిత్‌సోనియన్ సంస్థవారి ఫోక్‌వేస్‌కు చేరింది. అది లాభనష్టాలతో నిమిత్తం లేకుండా జానపద సంగీతాన్ని నిలబెట్టే సంస్థ. 2023 మే 5న స్ట్రాక్‌విట్స్ 91వ ఏట పోయాడు. ఆయన పట్టిన పాటలు మాత్రం పోలేదు.

మన దేశానికీ ఇటువంటి మేలు ఒకటి జరిగింది. అట్లాంటాలోని డస్ట్ టు డిజిటల్ అనే మరో చిన్న కంపెనీ 2013లో ఆగ్నేయాసియా పాత ప్లేట్లను ఏరి, పెద్ద పుస్తకంతో సహా నాలుగు సీడీలుగా వేసింది. అందులో బర్మా పాటలూ ఉన్నాయి. ఎవరో కొని ఇంట పెట్టుకున్న ప్లేటు ఉంది గనుక అది సాధ్యమైంది. ప్లేటే లేని పాటను ఏ కంపెనీ తిరిగి తేగలదు?

ఇక మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక పండుగనాడు సభ్యుల ఇంట ఒక ముసలమ్మగారు, మనుమరాలి జడ అల్లుతూ ఒక పాట సన్నగా తీశారు. రేవు నుంచి నాన్న రాలేదని పిల్ల తల్లిని అడిగే పాట. “మా అమ్మ పాడేది నాయనా” అన్నారు. అదే గదిలో టేపురికార్డరు ఉంది. అందులో సినిమా పాటలు మోగుతున్నాయి. మళ్ళీ వచ్చి పట్టుకుందాంలే అనుకున్నాము. మరుసటి పండుగకు ఆమె లేరు. ఆ వరస మా చెవిలో సగం మిగిలింది, మాటలు బొత్తిగా పోయాయి.

కాబట్టి సభ్యులకు విజ్ఞప్తి. ఇప్పుడు టేపురికార్డరు కొననక్కరలేదు, చేతిలో ఫోను చాలు. ఇంట్లోని తాతగారి దగ్గర, అమ్మమ్మగారి దగ్గర కూర్చోండి. ఊడ్పుల పాట, దంపుడు పాట, జోలపాట, రేవుపాట ఏదైనా సరే, వారిని తొందరపెట్టక, మధ్యలో తప్పు దిద్దక పాడనివ్వండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊరి వరసో అడిగి రాసుకోండి. బయట వినిపించడానికి వారి అనుమతి తీసుకోండి. తెలుగులో రాయడం రాని పిల్లలు బర్మీ అక్షరాల్లో రాసినా స్వీకరిస్తాము.

స్ట్రాక్‌విట్స్ ఎక్కడో సైలీషియా నుంచి వచ్చి పరాయివారి పెద్దల పాట దాచాడు. మన పెద్దలు మనింట్లోనే ఉన్నారు. వచ్చే పండుగ దాకా ఆగవద్దు.