ఓర్పు నేర్పించే రెండవ మైలు

ఈ దినము మనము ఆలోచించబోయే అంశము ఓర్పు. ఓర్పు కావాలని ప్రార్థించని విశ్వాసి ఉండరు. అయితే అది ఎలా వస్తుంది? అడిగిన రాత్రికే వస్తుందా, లేక సాధన చేయగా చేయగా వస్తుందా? ఆ సాధనకు కావలసిన బలము ఎక్కడ నుండి వస్తుంది?

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాస్తూ పందెములో పరుగెత్తువారిని ఉదాహరణగా చూపించాడు (1 కొరింథీ 9:24-27). ఆ ఊరి వారికి ఇది బాగా తెలిసిన సంగతి. కొరింథుకు దగ్గరలోనే రెండేళ్లకు ఒకసారి ఇస్త్మియ క్రీడలు జరిగేవి. గెలిచినవానికి దొరికేది ఆకులతో అల్లిన కిరీటము, కొద్దిరోజులకే ఎండిపోయేది. దాని కోసమే వారు ఎంతో కఠినమైన సాధన చేసేవారు.

దూరపు పరుగుకు శరీరము ఎలా సిద్ధపడుతుందో గమనించండి. మొదటి రోజు కొంచెము దూరము పోగానే ఆయాసము వస్తుంది. మరునాడు కాళ్లు నొప్పి పెడతాయి. అయినా మానకుండా, వారము వారము దూరము కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే లోపల మార్పు జరుగుతుంది. గుండె ఒక్కొక్క కొట్టుకు ఎక్కువ రక్తమును పంపగలుగుతుంది. కండరాలలో సన్నని రక్తనాళములు పెరుగుతాయి. అలవాటైన దానికంటె కాస్త ఎక్కువ భారము మోసినప్పుడే ఈ బలము వస్తుంది. నిన్న మోసినంతే నేడు, నేడు మోసినంతే రేపు మోస్తూ ఉంటే ఉన్నచోటనే ఉండిపోతాము.

మరి ఆ కాస్త ఎక్కువ ఎవరు చేస్తారు? నొప్పి పెడుతున్నా మరునాడు తెల్లవారుజామున లేపేది ఏమిటి?

అమెరికా దేశములోని మసాచుసెట్స్ రాష్ట్రములో డిక్ హోయిట్ అనే తండ్రి ఉండేవాడు. ఆయన కుమారుడు రిక్ 1962లో పుట్టాడు. పుట్టే సమయములో బొడ్డుతాడు మెడకు చుట్టుకొని మెదడుకు ప్రాణవాయువు అందలేదు. నడవలేడు, మాట్లాడలేడు. ఏదైనా ఆశ్రమములో చేర్చండి అని వైద్యులు సలహా ఇచ్చినా తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. ఇంట్లోనే పెంచారు. కొన్నేళ్ల తరువాత, తల కదిలించి అక్షరాలు ఎంచుకొనే ఒక కంప్యూటరు ద్వారా ఆ బాలుడు తన మనసులోని మాట చెప్పగలిగాడు.

1977లో, పక్షవాతము వచ్చిన ఒక క్రీడాకారునికి సహాయము చేయడానికి 5 మైళ్ల పరుగు ఏర్పాటు చేశారు. అందులో తానూ పాల్గొనాలని రిక్ కోరాడు. అప్పటికి డిక్ 40 ఏళ్లకు దగ్గరపడుతున్నాడు, పరుగు సాధన చేసిన మనిషి కాడు. అయినా కుమారుని చక్రాల కుర్చీని తోస్తూ చివరి వరకు పరుగెత్తాడు. చివరి నుండి రెండవ స్థానము వచ్చింది. ఆ రాత్రి రిక్ ఒక మాట తెలియజేశాడు: పరుగెత్తుతున్నప్పుడు తన వైకల్యము తనకు గుర్తుకు రాలేదట. తండ్రికి ఆ మాట చాలింది.

కుమారుడు చదువుకు వెళ్లిన వేళల్లో ఆయన కుర్చీలో సిమెంటు బస్తా పెట్టుకొని తోస్తూ సాధన చేసేవాడు. తరువాత ఈత కూడా నేర్చుకొని, కుమారుని కూర్చోబెట్టిన చిన్న పడవను నడుముకు కట్టి లాగుతూ ఈదాడు. 1992లో 42.195 కిలోమీటర్ల మారథాన్‌ను కుర్చీ తోస్తూనే 2 గంటల 40 నిమిషాల 47 సెకన్లలో ముగించాడు. అదే సంవత్సరము ఇద్దరూ కలిసి 45 రోజులలో, పరుగుతోను సైకిలుతోను, అమెరికా దేశమును ఒక చివర నుండి మరొక చివర వరకు దాటారు. వారు పాల్గొన్న పందెములు 1,000కి పైగా. తండ్రి 2021లో, కుమారుడు 2023లో కన్నుమూశారు.

ఆ సిమెంటు బస్తాను గూర్చి ఆలోచించండి. దానిని చప్పట్లు కొట్టేవారెవరూ చూడలేదు. ఆ బరువు మోయమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. ప్రేమ మోయించింది.

రెండవ మైలును గూర్చి ప్రభువు చెప్పినది కూడా ఇదే (మత్తయి 5:41). ఆ కాలములో రోమా సైనికుడు దారిన పోయేవానిని పట్టుకొని తన సామాను మోయమని బలవంతపెట్టగలడు. కురేనీయుడైన సీమోను చేత సిలువను మోయించినది అలాగే. మొదటి మైలు బలవంతపు మైలు. మోసేవాని మనసులో కోపము ఉంటుంది. రెండవ మైలు అలా కాదు. అక్కడ బలవంతము లేదు, ఆ అడుగులు అతడు తానుగా వేసేవి.

పేతురు వ్రాసిన వరుసను చూడండి (2 పేతురు 1:5-7). పూర్ణజాగ్రత్తతో మొదలవుతుంది, మధ్యలో సహనము ఉంది, చివర దయ. మన తెలుగు బైబిలులో దయ అని ఉన్నచోట గ్రీకులో ఉన్నది అగాపే, అంటే ప్రేమ. సహనమునకు గ్రీకు మాట హుపొమొనే. భారము కింద నిలిచి ఉండుట అని దాని అర్థము. జాగ్రత్త లేకపోతే సహనము మొదలు కాదు, ప్రేమ దగ్గరకు చేరకపోతే అది సణుగుడుగా మారిపోతుంది.

అయితే ఒక హెచ్చరిక. శరీరము బలపడేది విశ్రాంతిలో. విశ్రాంతి లేని సాధన మనిషిని పడగొడుతుంది. అలసి చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించి లేపలేదు. రెండుసార్లు నిద్రపోనిచ్చి, రెండుసార్లు భోజనము పెట్టి, ఆ తరువాతనే హోరేబు వరకు 40 దినముల ప్రయాణము చేయించాడు (1 రాజులు 19:5-8).

ఇది చదువుతున్న మీలో కొందరు మంచము పట్టిన అత్తగారికి ఏళ్ల తరబడి సేవ చేస్తున్నారు. కొందరు ఎదగని బిడ్డను ఎత్తుకొని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నారు. ఇక నా వల్ల కాదు అని నిన్న రాత్రి ఏడ్చి ఉంటారు. అమ్మా, అయ్యా, మీరు ఓడిపోలేదు. అలసిపోయారు. ఒక్క పూట ఎవరినైనా తోడు పిలిచి నిద్రపోండి. సంఘస్థులారా, ఆ ఒక్క పూట వెళ్లి కూర్చోవడమే మీ రెండవ మైలు. ఈ వారములోనే ఒక ఇంటి తలుపు తట్టండి. ప్రభువు మీ అడుగులను బలపరచును గాక. ఆమేన్.