మొదటి ప్రపంచ సంగ్రామం: సైనికుల ఉత్తరాలు

1914 జూన్ 28న సరయేవో నగరంలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండు, ఆయన భార్య సోఫీ ఒక సెర్బు యువకుని తుపాకీగుండ్లకు బలియైనారు. పాఠ్యగ్రంథాలు మొదటి ప్రపంచ సంగ్రామ కథను సాధారణంగా ఇక్కడనే ప్రారంభిస్తాయి. కాని ఆ గుండు నిప్పురవ్వ మాత్రమే. గడ్డివామి అంతకు చాలా మునుపే సిద్ధమై ఉన్నది. 1871లో జర్మనీ తన నుండి గైకొన్న ఆల్సేస్ లోరేను ప్రాంతాలను ఫ్రాన్సు మరువలేదు. నౌకాబలంలో జర్మనీ తనతో పోటీకి దిగుట బ్రిటనుకు కంటకమైనది. ఆస్ట్రియా ఏలుబడిలోని స్లావు జాతుల అసంతృప్తికి సెర్బియా ఆశ్రయమైతే, సెర్బియాకు రష్యా అండగా నిలిచినది.

వీటన్నిటికి మించిన ప్రమాదం సేనానులు ముందుగా గీసి ఉంచిన పథకాలలో ఉన్నది. రష్యా తన సైన్యాన్ని పూర్తిగా సమీకరించులోపల ఫ్రాన్సును ఓడించి తీరవలెనన్నది జర్మనీ వ్యూహం. దానికి దారి బెల్జియం మీదుగా. ఆ దేశపు తటస్థతకు 1839 నాటి ఒడంబడికలో బ్రిటను హామీ ఇచ్చి ఉన్నది. కనుక రైళ్లు కదిలిన తరువాత రాజనీతిజ్ఞుల మాటకు విలువ లేకపోయినది. జూలై 28న ఆస్ట్రియా సెర్బియాపై యుద్ధం ప్రకటించగా, ఆగస్టు 4 నాటికి బ్రిటను కూడ రంగంలో దిగినది. దోషం అంతయు జర్మనీదే అన్న తీర్పు వేర్సాయి సంధిపత్రానికి అనుకూలించినదేమో గాని, చరిత్రకు చాలదు.

ఈ కలహంలో భారతదేశానికి స్వంత వైరమేమియు లేదు. దాని అభిప్రాయం అడిగినవారును లేరు. అయినను 1914 సెప్టెంబరు ముగియకముందే భారత సైనికులు ఫ్రాన్సులోని మార్సేల్స్ రేవులో దిగినారు. అదే నెల 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను నౌక చెన్నపట్టణం మీద గుండ్లు కురిపించగా రేవు దగ్గరి చమురు తొట్లు మండిపోయినవి. ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడసాగినది ఆ యేడే, ఆ నగరం నుండే. యుద్ధవార్త తెలుగు పాఠకులకు ఇక దూరదేశపు ముచ్చటగా మిగులలేదు.

సంగ్రామం ముగియునాటికి పది లక్షలకు పైబడిన భారతీయులు సముద్రాలు దాటినారు. వారిలో పంజాబువారు అధికం. ఫ్రాన్సు నుండి వారు ఇండ్లకు వ్రాసిన ఉత్తరాలు సాహిత్యకారులు ప్రత్యేకంగా గమనింపదగినవి. పెక్కుమందికి చదువు రాదు. తోడి సైనికునిచేతనో, లేఖకునిచేతనో వ్రాయించుకొనేవారు. ఆ ఉత్తరాలను తనిఖీ అధికారులు తెరచి, తమకు ముఖ్యమనిపించిన భాగాలను ఇంగ్లీషులోనికి మార్చి నివేదికలకెక్కించినారు. మూలాలు ఇల్లు చేరి చాలవరకు కాలగర్భంలో కలిసినవి. నేడు లండనులో భద్రంగా ఉన్నవి ప్రధానంగా ఆ ఇంగ్లీషు భాగాలే. సిపాయి నోటి మాట ఒక వ్రాతగాని చేతిని, ఒక అనుమానపు కంటిని, ఒక పరభాషను దాటి మనకు అందుతున్నదన్న మాట. అనువాద చరిత్రలో ఇంత విషాదకరమైన అధ్యాయాలు అరుదు: ప్రభుత్వం అనుమానించినందువల్లనే ఆ గొంతు బ్రతికినది.

యుద్ధఫలితాలను చరిత్రకారులు మరొక తక్కెడలో తూచుతారు. సుమారు కోటిమంది సైనికులు మరణించినారు. రష్యా, జర్మనీ, ఆస్ట్రియా హంగరీ, ఉస్మానియా సామ్రాజ్యాలు నాలుగును కూలినవి. 1918లో ఇన్‌ఫ్లూయెంజా భారతదేశంలో కోటిమందికి పైగా పొట్టన పెట్టుకొన్నది. యుద్ధసేవకు ప్రతిఫలంగా స్వపరిపాలన దక్కునని ఆశించిన దేశానికి 1919లో దక్కినవి రౌలట్ శాసనం, జలియన్‌వాలాబాగు కాల్పులు. రవీంద్రుడు తన సర్ బిరుదును త్యజించినది అప్పుడే.

ఆ రవీంద్రుని గీతాంజలి పంక్తులే, యుద్ధవిరామానికి సరిగా వారం ముందు మరణించిన ఆంగ్లకవి విల్ఫ్రెడ్ ఓవెన్ చేతిపుస్తకంలో లభించినవి. ఆయన తల్లి 1920లో ఆ సంగతి రవీంద్రునికి వ్రాసినది. హిందీలో చంద్రధర శర్మ గులేరి 1915లోనే ఫ్రాన్సు కందకాలలోని సిక్కు సైనికుని కథానాయకుని చేసినాడు. ముల్క్ రాజ్ ఆనంద్ తరువాత ఇంగ్లీషు నవలలో ఆ కందకాలనే చిత్రించినాడు.

ఇక ఉత్తరాలను తెలుగు చేయబూనిన రచయితకు ఎదురయ్యే చిక్కు ఒకటి చెప్పవలసి ఉన్నది. తనిఖీ కన్నుగప్పుటకు కొందరు సిపాయిలు భారత సైనికులను నల్ల మిర్చి అనియు, తెల్లవారిని ఎర్ర మిర్చి అనియు సంకేతించేవారు. నల్లది అయిపోవచ్చినదని వ్రాస్తే, మనవారు హతమైపోతున్నారు, ఇక ఎవరును సైన్యంలో చేరవద్దని ఇంటివారు గ్రహించవలెను. తనిఖీదారులును గ్రహించినారు. హిందుస్తానీలో రెండింటికీ మిర్చి అన్న మాట ఒకటే, ఇంగ్లీషులోను ఒకటే. తెలుగులో ఒకటి మిరియం, మరొకటి మిరప. పుట్టుక ఒకటేయైనను వాడుకలో అవి వేరైపోయినవి. మిరియాలు, మిరపకాయలు అంటే వంటింటి సరకులుగా సహజంగానే ఉంటుంది గాని, ఒకే సైన్యంలోని రెండు రంగులన్న స్ఫురణ పోతుంది. నల్ల మిరప, ఎర్ర మిరప అంటే స్ఫురణ నిలుస్తుంది గాని, నల్ల మిరప అను సరకు ఏ తెలుగింట ఉన్నది?