నీటి తొట్టిలో ధ్వనిచే మట్టము కొలుచు విధము

బోరునీటిని ఉమ్మడి తొట్టిలో నిలువచేసి బిందుసేద్యమునకు వంతులవారీగ పంచుకొను రైతులకు, తొట్టిలో నెంత నీరున్నదో సరిగా తెలియుట మిక్కిలి యవసరము. లెక్క తప్పెనా, కడపటి వంతువాని పైరు ఎండును. తొట్టి పొర్లెనా, నీరును విద్యుత్తును వృథాయగును. అడుగంటిన తొట్టినుండి నీటిని తోడబోయి మోటారు చెడును. నిచ్చెన యెక్కి కఱ్ఱతో కొలుచుటకు బదులు అల్ట్రాసానిక్ సెన్సారను చిన్న పరికరమును పలువు రిప్పుడు అమర్చుకొనుచున్నారు. దానిని కొనుట సులభమే. తగిన చోట బిగించుటయందే మెలకువ యున్నది.

గబ్బిలము మన చెవికి వినబడని ధ్వనిని వెలువరించునని 1938వ సంవత్సరమున అమెరికాలో గ్రిఫిన్, పియర్సు అను శాస్త్రజ్ఞులు యంత్రసాయమున కనిపెట్టిరి. ఆ ధ్వని అడ్డమైన వస్తువులకు తగిలి మరలివచ్చుటనుబట్టి గబ్బిలము చీకటిలో దారి నెఱుగును. సెన్సారును అట్టిదే. తొట్టి పైకప్పునుండి సెకండునకు సుమారు 40,000 కంపనములుగల ధ్వనిని క్రిందికి పంపి, అది నీటికి తగిలి మరలివచ్చుటకు పట్టు కాలమును కొలుచును. 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో ధ్వని గాలియందు సెకండునకు 343 మీటర్లు పోవును గనుక కాలమునుబట్టి దూరము తెలియును.

ఇందు ముఖ్యముగ గ్రహింపవలసిన దేమనగా, ఈ పరికరము నీటిని కొలువదు. నీటిపైనున్న ఖాళీని కొలుచును. సెన్సారునుండి తొట్టి యడుగునకు 250 సెంటీమీటర్లును, ఖాళీ 100 సెంటీమీటర్లును అయినచో నీటి లోతు 150 సెంటీమీటర్లు. తొట్టి గుండ్రనిదై 2 మీటర్ల వ్యాసము గలదైనచో, సెంటీమీటరునకు సుమారు 31.4 లీటర్ల చొప్పున నీరు 4,710 లీటర్లగును.

బిగించునపుడు పాటింపవలసినవి:

1. తొట్టి నిండినప్పటి నీటిమట్టమునకు సెన్సారు కనీసము 30 సెంటీమీటర్లు ఎత్తుననుండవలెను. గంట కొట్టినవెంటనే ఆ మ్రోతలో మెల్లని మాట వినబడదు గదా. అట్లే సెన్సారు తన ధ్వని అణగువఱకు ప్రతిధ్వనిని గ్రహింపజాలదు. నీటికి తడిసినను చెడని చౌకరకములలో పెక్కింటికి 20, 25 సెంటీమీటర్లలోపు దూరము తెలియదు.

2. సెన్సారు ముఖము నీటికి సూటిగ నుండవలెను. రసమట్టముతో సరిచూడుడు. ఒరిగినచో ప్రతిధ్వని ప్రక్కకు పోవును.

3. చల్లిన విత్తనములవలె ధ్వని వెడల్పుగ వ్యాపించును. కావున గోడకును, లోపలి నిచ్చెనకును, నీరు పడు గొట్టమునకును దూరముగ బిగింపవలెను.

4. వేడిమి డిగ్రీ పెరిగినకొలది ధ్వనివేగము సెకండునకు సుమారు 0.6 మీటరు పెరుగును. 20 డిగ్రీలకు సరిచేసిన సెన్సారు, తొట్టిలోని గాలి 40 డిగ్రీలకు కాగినపుడు, 2 మీటర్ల ఖాళీని సుమారు 7 సెంటీమీటర్లు తక్కువగ చూపును. పైన చెప్పిన తొట్టిలో అది, లేని నీరు 200 లీటర్లకు పైగా నున్నట్లు చెప్పుటయే. కావున వేడిమిని తానే లెక్కగట్టి సవరించుకొను రకమును కొని, దానిపై ఎండ పడకుండ చూడవలెను.

5. ఎరువుల ద్రావణము కలుపు తొట్టిలో నురుగు లేచినచో అది ధ్వనిని మ్రింగును. నురుగు అణగిన పిమ్మటనే కొలత చూడవలెను. సెన్సారు ముఖమునంటిన నీటిబొట్లను తుడుచుచుండవలెను. పెట్రోలు నిలువచేయు పాత్రలో ఈ సాధారణపు పరికరమును పెట్టనేరాదు. నిప్పురవ్వ పుట్టినచో ప్రమాదము.

సెన్సారు వచ్చినదని కఱ్ఱను పారవేయవలదు. తొట్టి నిండినపుడును, సగమున్నపుడును, అడుగున కొంచెమున్నపుడును కఱ్ఱతో కొలిచి, రెండు కొలతలను ప్రక్కప్రక్కనే వ్రాసి సంఘపు పలకపై నుంచవలెను. వేసవి మొదలున మఱల సరిచూడవలెను. వంతు నీరు తగ్గినవాడు తోటి సభ్యుని శంకించుటకు ముందు ఆ పలకను చూచుకొనగలడు. ఉమ్మడి తొట్టిలో నీటితోబాటు ఒకరిపై నొకరికిగల నమ్మకమును నిలువయుండును. దానిని కాపాడుకొనుటకు ఈ కొంచెపు శ్రమ యెక్కువ కాదని మా మనవి.