జాతర ముగిసిన మరునాటి పొలము

జాతర జరిగిన యూరికి సొమ్ము వచ్చుననుట అందరెరిగినదే. ఆ సొమ్ములో ఊర నిలుచునది యెంతయో లెక్క వ్రాసి చూచినగాని తెలియదు. సంఘ సభ్యులగు కర్షక సోదరుల యెదుట ఆ లెక్కనే మేమిప్పుడు ఉంచదలచితిమి.

ములుగు జిల్లా తాడ్వాయి మండలమందలి మేడారము చిన్న పల్లె. రెండేండ్లకొకమారు మాఘ పూర్ణిమ వేళ అచ్చట సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. సారలమ్మ కన్నెపల్లినుండియు, సమ్మక్క చిలుకలగుట్టనుండియు గద్దెలకు వేంచేయుదురు. ఆ దినములలో లక్షలకొలది జనులు అడవి నడుమనున్న ఆ పల్లె చేరుదురు. వారి బండ్లు నిలుచుటకును, గుడారములు వేయుటకును, పొయ్యిలు పెట్టుటకును చోటు కావలెను గదా! ఆ చోటులో పెద్దభాగము కర్షకుని పొలమే.

జమ పద్దులో చోటు బాడుగ, కోళ్లు, కట్టెలు, కూలి డబ్బులు చేరును. అయితే భక్తులు తమ యెత్తు తూచి 'బంగార'మని సమర్పించు బెల్లమును తెచ్చి యమ్మువారిలో పొరుగూళ్ల వర్తకులే మెండు. దాని లాభము వారి వెంటనే పోవును.

ఇక ఖర్చు పద్దు. 2022లో ఫిబ్రవరి 16 మొదలు 19 వరకును, 2024లో ఫిబ్రవరి 21 మొదలు 24 వరకును జాతర జరిగినది. అది యాసంగి పైరు పొలమున నుండవలసిన కాలము. చోటిచ్చిన కర్షకుడు ఆ పంటను వదలుకొనవలసినదే. చక్రముల బరువునకు నేల గట్టిపడును. పగిలిన సీసాలు మట్టిలో కలిసి, ఎద్దు గిట్టను, నాటువేయు స్త్రీ పాదమును చీల్చును. ఈ పద్దును వ్రాసికొనువారు అరుదు.

మరియొక విషయము. అది ఏజెన్సీ ప్రాంతము. 1970లో సవరింపబడిన 1959 నాటి భూబదలాయింపు నిబంధనము ప్రకారము అట్టిచోట గిరిజనేతరునికి భూమిని కౌలుకిచ్చుటయు చెల్లదు. కేవలము గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘమునకు ఆ యడ్డు లేదు. కావున వేర్వేరుగా నోటిమాటపై చోటిచ్చుటకంటె, అట్టి సంఘముగా నేర్పడి, పొలములను తమ చేతిలోనే యుంచుకొని, బండ్ల నిలుపుదలను, కట్టెలు కోళ్ల విక్రయమును తామే నడుపుకొనుట మేలు. వచ్చిన సొమ్ములో కొంత భాగమును పొలము శుద్ధికై ముందే తీసి యుంచవలెను.

జాతర ముగిసిన వెంటనే గాజు పెంకులను చేతితో నేరింపుడు. ఏరకమునుపు నాగలి కట్టకుడు. కట్టినచో పెంకులు లోతునకు దిగి, యేండ్ల తరబడి బాధించును. పిదప లోతుగా దున్ని, నీటి వసతి యున్నచో ఆలస్యము చేయక పెసర చల్లుకొనవచ్చును. లేనిచో తొలకరి వానలకు జనుమో జీలుగయో వేసి కలియదున్నుడు.

మీ యూర తిరునాళ్ల చిన్నదైనను లెక్క యిదియే. రాబోవు ఉత్సవమునకు ముందే సంఘ సమావేశమున రెండు పద్దులను వ్రాసి, అందరును వినునట్లు చదివించుకొనుడు.