మూత కొలతకు మాడుతున్న పంపులు

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చండూరులోనో, దేవరకొండలోనో, కల్వకుర్తిలోనో మందు కొట్టే పంపులు బాగుచేసే షాపు ముందు కాసేపు నిలబడితే చాలు, పత్తి చేలల్లో ఏం నడుస్తోందో తెలిసిపోతుంది. పచ్చదోమ ఉద్ధృతమైన వారం తైవాన్ పంపులు వరుసగా వచ్చి చేరతాయి. "తాడు గుంజితే కదుల్తలేదన్నా" అంటాడు రైతు. మెకానిక్ సిలిండర్ విప్పి పిస్టన్ చేతిలో పెడతాడు. పక్కలు నిలువునా గీసుకుపోయి, రింగు గాడిలోనే బిగుసుకుపోయి ఉంటుంది. ఆయిల్ చాలక పట్టేసిన ఇంజను అది.

వీపున మోసే ఈ పంపుల్లో చాలావాటికి టూ స్ట్రోక్ ఇంజన్లు ఉంటాయి. వీటికి విడిగా ఆయిల్ గది ఉండదు. పెట్రోల్లో కలిపిన టూటీ ఆయిలే లోపలికి వెళ్లి బేరింగులను, పిస్టన్‌ను తడుపుతుంది. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే పొగ, ప్లగ్గు మీద మసి, సైలెన్సర్ పూడిక. ఒక కంపెనీ 25 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్ అంటుంది, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. ఇంకో కంపెనీ 50 పాళ్లకు ఒకటి అంటుంది, అది 20 మిల్లీలీటర్లే. కానీ చేను గట్టున కొలత సీసా మూత. నీళ్ల సీసా మూత వేరు, మందు డబ్బా మూత వేరు. "రెండు మూతలు పొయ్యి" అన్న మాట ఒక్కో ఇంట్లో ఒక్కో కొలత అవుతుంది. టూటీ దొరకని రోజు ట్రాక్టరు ఆయిలే పోస్తారు. ఫోర్ స్ట్రోక్ పంపు కొన్నవాళ్లు అలవాటుకొద్దీ అందులోనూ కలిపేస్తారు. దానికి ఆయిల్ విడిగా పోయాలి, పెట్రోల్లో కలపకూడదు.

ఇది రైతు అజాగ్రత్త అంటే నేనొప్పుకోను. చేతక్‌లు, లూనాలు, టీవీఎస్ ఫిఫ్టీలు తిరిగిన రోజుల్లో పెట్రోలు బంకులోనే కొలిచి ఆయిల్ కలిపి ఇచ్చేవారు. ఆ బండ్లు పోయాయి, బంకులో ఆ ఆయిల్ డబ్బా పోయింది, కొలత తెలిసిన చేయీ పోయింది. పంపులు మాత్రం ఊరూరా పెరిగాయి.

పెట్రోలు తెచ్చుకోవడమూ తేలిక కాదు. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారును కార్యాలయంలోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. అదే నెలలో దిశ ఘటనలో, హత్యకు గురైన యువతి మృతదేహాన్నీ పెట్రోలు పోసి కాల్చారు. ఆ తర్వాత సీసాల్లో పెట్రోలు అమ్మకం మీద గట్టి కట్టడి వచ్చింది. కట్టడి అవసరమే, కాదనను. కానీ పంపును బంకు దాకా మోసుకుపోలేని రైతు బైకు ట్యాంకు నుంచి పైపుతో పీల్చి తీస్తున్నాడు. నోట్లోకి పెట్రోలు పోయే పని అది.

పైగా ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను లాగుతుంది. వానాకాలంలో నెలల తరబడి కలిపి ఉంచిన పెట్రోల్లో నీరు అడుగున విడిపోవచ్చు. ఆ నీటితో ఇంజను నడవదు, కార్బొరేటర్ తుప్పు పడుతుంది. కాబట్టి ఆ రోజుకు సరిపడా మాత్రమే వేరే డబ్బాలో కలపాలి. సగం పెట్రోలు పోసి, కొలిచిన ఆయిల్ వేసి బాగా ఊపి, మిగతా పెట్రోలు పోయాలి. పని అయ్యాక ట్యాంకు వంపేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడపాలి.

మందు కొట్టాల్సిన వారంలో పంపు ఆగిందంటే దోమ ఆగదు. రిపేరు ఖర్చు ఒకటి, కిరాయి పంపు ఇంకొకటి, పోయిన పంట వేరు.

తెలంగాణలో దాదాపు ప్రతి అయిదు వేల ఎకరాలకు ఒక రైతు వేదిక ఉంది. జూన్‌లో విత్తనాలు పడగానే ఒక రోజు అక్కడ వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈఓలు) ఒక మెకానిక్‌ను కూర్చోబెట్టి పెట్రోల్లో ఆయిల్ కలపడం చేసి చూపించాలి. పంపు అమ్మే షాపు గీతలున్న కొలత గిన్నె ఒకటి, తెలుగులో రాసిన కాగితం ఒకటి పంపుతోపాటే ఇవ్వాలి. పట్టాదారు పాసు పుస్తకం చూపిన రైతుకు బంకుల్లో మూత గట్టిగా ఉన్న ఇనుప డబ్బాలో రెండు లీటర్లు పోసేలా జిల్లా కలెక్టర్లు, పోలీసులు ఒక పద్ధతి పెట్టాలి. వచ్చే వానాకాలం లోపే ఇవి చేయాలని నల్లగొండ, పాలమూరు అధికారులను కోరుతున్నాను.