తలదెబ్బయు, పిదప కోలుకొనుటయు

విద్యార్థులకు ఆటలయందు దెబ్బలు తగులుట సహజము. మోకాలు గీరుకొనిపోయిన నెత్తురు కనబడును. చేయి విరిగిన కట్టు కనబడును. వానిని చూచి యింటివారును, ఉపాధ్యాయులును జాలిపడుదురు. కాని తలకు దెబ్బ తగిలి లోని మెదడు కుదుపునకు లోనైనప్పుడు, పైకి గురుతేదియు నుండకపోవచ్చును. అట్టి బాలుడు నాలుగుదినముల పిమ్మట బడికి వచ్చి, పాఠము తలకెక్కక, వెలుతురు చూడలేక, చిన్నమాటకే చిరచిరలాడుచుండును. వాడు చదువు తప్పించుకొనుటకు నెపము పన్నుచున్నాడని పెద్దలు తలంతురు. ఈ యపోహను తొలగించి, అట్టి పిల్లలు కోలుకొను క్రమమును తెలుపుటయే యీ వ్యాసము నుద్దేశము.

మెదడు మిక్కిలి మెత్తనైన యవయవము. పెద్దవారియందు దాని బరువు సుమారు 1,400 గ్రాములు. అది పుఱ్ఱెలోపల నొక ద్రవమునందు తేలుచుండును. తోడుకొన్న పెరుగుకుండను గట్టిగా కుదిపినచో, కుండ పగులకున్నను లోని పెరుగు చెదరును గదా! అట్లే తలకుగాని మెడకుగాని బలమైన తాకుడు కలిగినప్పుడు, పుఱ్ఱె చెక్కుచెదరకున్నను లోని మెదడు కుదుపబడును. దీనినే వైద్యులు కాంకషన్ అందురు. ఇందు స్మృతి తప్పితీరవలెనను నియమము లేదు. పెక్కుమందికి స్మృతి తప్పనే తప్పదు.

ఈ కుదుపువలన మెదడునందలి కణములలో సోడియము, పొటాసియము మొదలగు లవణముల సమత్వము తప్పును. దానిని సరిచేయుటకు కణములకు హెచ్చు శక్తి కావలసియుండగా, ఆ సమయముననే రక్తప్రసారము తగ్గవచ్చును. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారమువలె మెదడు కొలదిపనికే యలసిపోవును. తలనొప్పి, తల తిరుగుట, వెలుతురును చప్పుడును సహింపలేకపోవుట, మరపు, నిద్ర చెడుట, విసుగు, దిగులు — ఇవి దీని లక్షణములు. ఈ మార్పు సామాన్యముగా సి.టి. స్కానునందు కనబడదు. ఆ పరీక్ష రక్తస్రావమును, ఎముక విరుగుటను కనిపెట్టుటకు ఉపయోగించును. కావున స్కాను బాగున్నంతమాత్రమున పిల్లవాని బాధ కల్పితమని యెంచరాదు.

లక్షణములు వెంటనే పొడసూపకపోవచ్చును. 2019వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన, లండనులోని లార్డ్సు మైదానమున, ఇంగ్లండు బౌలరు జోఫ్రా ఆర్చర్ విసరిన బంతి ఆస్ట్రేలియా ఆటగాడగు స్టీవ్ స్మిత్ మెడకు తగిలెను. పరీక్షించిన పిమ్మట అతడు మరల బ్యాటు పట్టి 92 పరుగులకు అవుటయ్యెను. మరునాడు తలనొప్పియు మత్తును కలుగగా అతనిని ఆటనుండి తప్పించిరి. అతనికి బదులుగా మార్నస్ లబుషేన్ ఆడెను. టెస్టు క్రికెట్టులో కాంకషన్ కారణమున బదులు ఆటగాడు దిగుట అదియే మొదటిసారి. స్మిత్ తరువాతి టెస్టును కూడ మానుకొని, నాలుగవ టెస్టునకు వచ్చి 211 పరుగులు చేసెను. తగిన విశ్రాంతివలన నష్టము లేదనుటకు ఇదియొక నిదర్శనము.

దెబ్బ తగిలిన వానిని వెంటనే ఆటనుండి తప్పించి వైద్యునికి చూపవలయును. ఆ దినమున మరల ఆడనీయరాదు. పలుమారు వాంతులగుట, తలనొప్పి హెచ్చుచుండుట, మూర్ఛ, మాట తడబడుట, కాలుసేతులు స్వాధీనము తప్పుట, లేపినను మేల్కొనకుండుట, ముక్కునుండిగాని చెవులనుండిగాని నీరో నెత్తురో కారుట — వీనిలో నేదియైనను కనబడినచో క్షణమైన ఆలస్యము చేయక 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్పవలయును.

ప్రమాదము లేదని వైద్యుడు చెప్పిన పిమ్మట పిల్లవానిని నిద్రపోనీయవచ్చును. నిద్రపోనిచ్చిన కీడని రాత్రియంతయు మేలుకొలుపుట తగదు. మొదటి ఒకటి రెండు దినములు విశ్రాంతి యొసగి, సెల్‌ఫోను, టెలివిజను చూచుట తగ్గింపవలయును. అంతేకాని చీకటిగదిలో వారములకొలది పరుండబెట్టుట మేలు చేయదని నేటి వైద్యుల నిశ్చయము. రెండు దినముల పిమ్మట మెల్లగా నడక మొదలిడవలయును. పనివలన బాధ కొంచెము హెచ్చి గంటలోపల తగ్గినచో భయపడనక్కరలేదు. అంతకుమించినచో ఆనాటికి మాని, మరునాడు తగ్గించి చేయవలయును.

చదువును ఇట్లే. మొదట ఇంటియొద్ద పావుగంట చదివి విశ్రమింపవలయును, పిదప సగముపూట బడి, అటుపిమ్మట పూర్తిదినము. ఉపాధ్యాయులు వానికి వ్రాతపని తగ్గించి, వెలుతురు కంటబడని తావున కూర్చుండబెట్టి, పరీక్షకు హెచ్చు వ్యవధి నొసగవలయును. చదువు యథాస్థితికి వచ్చినగాని పూర్తిగా ఆటలలో దింపరాదు. ఆటకు మరలుటయు మెట్టుమెట్టుగా జరుగవలయును: నడక, పరుగు, ఒంటరి సాధన, తాకిడి లేని జట్టుసాధన, వైద్యుని యనుమతిపై పూర్తిసాధన, తుదకు పోటీ. ఒక్కొక్క మెట్టునకు ఒక దినమైనను పట్టవలయును. మెదడు కోలుకొనకమునుపే రెండవదెబ్బ తగులుట మిక్కిలి యపాయకరము. కబడ్డీ యాడు బాలురు దీనిని ముఖ్యముగా గుర్తుంచుకొనవలయును.

పెక్కుమంది పిల్లలు నాలుగు వారములలోపల స్వస్థులగుదురు. కొందరికి బాధలు నెలలకొలది నిలుచును. అందులకు మెడనరముల పట్టు, చెవిలోపలి తూకపుటింద్రియము చెడుట, కన్నులు రెండును కలిసి పనిచేయకుండుట, నిద్రలేమి, మనోవ్యాకులత మొదలగునవి కారణములు కావచ్చును. వీనికి చికిత్సలు గలవు. కావున నెలదాటిన బాధను ఓర్చుకొమ్మనక మరల వైద్యునికి చూపవలయును. వైద్యుని యడుగక తలనొప్పిమాత్రలు దినదినమును మ్రింగుటవలన తలనొప్పియే హెచ్చవచ్చును.

తలిదండ్రులారా, ఇట్టి పిల్లవానిని సోమరియని నిందింపకుడు. విద్యార్థులారా, తోటివాడు తల తిరుగుచున్నదన్న నవ్వకుడు. వానికి పాఠములు వ్రాసి యిండు. మన ప్రభువు చెప్పిన ఉపమానమునందలి సమరయుడు గాయములు కట్టి యూరకుండలేదు. పూటకూళ్ల యింటికి కొనిపోయి, రాత్రి పరామర్శించి, మరునాడు ఖర్చునకు సొమ్మిచ్చి, మరల వచ్చెదనని చెప్పి వెడలెను. మొదటినాటి కట్టుకన్న తరువాతి దినముల యోర్పు కష్టతరము. తలదెబ్బ తిన్నవానికి మనమీయవలసినది ఆ యోర్పే.