నెత్తురులోని తీపికి లెక్క

ఆరోగ్యవంతుని నెత్తురంతటిలో పరగడుపున నుండు చక్కెర యెంతయని తలంతురు? రమారమి 5 గ్రాములు. అనగా ఒక చిన్న చెంచాడు. ఒక్క లడ్డు భుజించినను అంతకు కొన్ని రెట్లు లోనికి పోవును. అయినను నెత్తురులోని తీపి కొలదిగా పెరిగి, రెండు మూడు గంటలలో యథాస్థితికి వచ్చును. ఇందుకు కావలి క్లోమగ్రంథి. తీపి హెచ్చిన ఇన్సులినును, తగ్గిన గ్లూకగానును అది విడుచును. దేహముయొక్క యిట్టి స్వయంపాలనమునకు అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1926లో 'హోమియోస్టాసిస్' అని పేరిడెను.

ఒకటవరకపు మధుమేహము గల పిల్లల కీ కావలి లేదు. 1922 జనవరిలో టొరాంటోనందు 14 ఏండ్ల బాలునకు తొలుత ఇన్సులిను సూది వేయువరకు ఆ వ్యాధి మరణశాసనమే. పిమ్మట ప్రాణము నిలిచినది గాని, క్లోమము చేయవలసిన లెక్క తల్లి నెత్తిని బడెను. మోతాదు మించిన బిడ్డకు నిద్రలోనే స్మృతి తప్పవచ్చును. అర్ధరాత్రి లేచి బిడ్డ వ్రేలు పొడిచి చూచుకొను తల్లుల మేమెరుగుదుము.

చిక్కంతయు జాగునందే యున్నది. చర్మము క్రింద వేసిన శీఘ్ర ఇన్సులిను సైతము పావుగంటకు గాని పని కారంభింపదు. మూడు నాలుగు గంటలు నిలుచును. తీపి తగ్గలేదని తొందరపడి మరల మరల వేసినచో అన్నియు కూడి ఒక్కమారే పడద్రోయును. కట్టెలపొయ్యిపై పాలు కాచినవారి కిది వింత గాదు. కట్టె లాగినను పొంగు వెంటనే యాగునా?

ఈ జాగును సమీకరణములలో బంధించినవారు రిచర్డ్ బెర్గ్‌మన్, క్లాడియో కోబెల్లీ మున్నగువారు. 1979లో వారు 'కనీస నమూనా'ను ప్రకటించిరి. నెత్తురులోని ఇన్సులిను నేరుగా గాక, కానరాని వేరొక గదిలోనికి మెల్లగా చేరి యచటినుండి చక్కెరపై పనిచేయునని వారి యూహ. ఆ గది యవయవము గాదు. లెక్కలోని యొక రాశి మాత్రమే. దేహమునంతను వర్ణింప బూనక, అడిగిన ప్రశ్నకు చాలినంతయే గ్రహించుట మాకు మిక్కిలి నచ్చినది.

తరువాత వర్జీనియా, పాడువా విశ్వవిద్యాలయములవారు విస్తృతమైన నమూనాతో కంప్యూటరునందు 300 మంది కల్పితరోగులను నిర్మించిరి. యంత్రములను జంతువులపై పరీక్షించుటకు మారుగా దీనిని 2008లో అమెరికా ప్రభుత్వపు ఔషధసంస్థ యంగీకరించెను. ఐదేసి నిమిషముల కొకమారు చక్కెరను కొలుచుచు ఇన్సులినును తానే హెచ్చించి తగ్గించు తొలి యంత్రమునకు 2016లో అచట అనుమతి లభించెను. అదియు 14 ఏండ్లు నిండినవారికే. భోజనమునకు ముందు మాత్రము పిండిపదార్థ మెంతయో మనుష్యులే దానికి తెలుపవలసి యుండెను. వండిన తెల్లయన్నము 100 గ్రాములలో అది రమారమి 28 గ్రాములు. అట్టి బిడ్డ గల యింట ఈ యంకెను వంటయింటి గోడపై వ్రాసికొనుట మంచిది.